జేపీఎల్ గ్రహశకలాల డేటాబేస్ రివ్యూ: ‘67 ఆసియా’ పేజీ తెరిచి చూస్తే

గ్రహశకలాల గురించి తెలుగులో వెతికితే ఎక్కువగా దొరికేవి ‘భూమి వైపు దూసుకొస్తున్న ముప్పు’ వార్తలే. ఆ రాయిని ఎవరు చూశారు, ఏ దారిన తిరుగుతోంది, ఎంత పెద్దది, మన ఊరి నుంచి ఎప్పుడు కనిపిస్తుంది అని లెక్కతో సహా తెలియాలంటే వెళ్లాల్సింది అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబరేటరీ (జేపీఎల్) నడిపే స్మాల్ బాడీ డేటాబేస్‌కే. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, ప్రకటనలు లేవు. పేరో నంబరో కొడితే రాయి జాతకం మొత్తం ఒక్క పేజీలో పరుచుకుంటుంది. ముందే మార్కులు చెప్పేస్తే, 5కి 4.5. తగ్గిన అర మార్కు సమాచారంలో లోపం వల్ల కాదు. తెలియనివాళ్లు తప్పుగా చదవడానికి వీలున్న చోట్ల ఆ పేజీ ఒక్క ముక్కైనా హెచ్చరించదు, అందుకు.

పరీక్షకి 67 ఆసియాని తీసుకుందాం. ప్రధాన పట్టీలో, అంటే అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే పాత కాపు ఇది. 160 ఏళ్లకు పైగా చూస్తున్నారు కాబట్టి పేజీలో దాదాపు ఏ గడీ ఖాళీగా ఉండదు. పైగా చిన్న టెలిస్కోప్‌కి అందుతుంది కాబట్టి డేటాబేస్ చెప్పినచోట ఉందో లేదో ఆకాశంలోనే సరిచూసుకోవచ్చు.

వెతికే పెట్టెలో 67 అన్నా, ఆసియా అని ఇంగ్లిష్‌లో కొట్టినా ఒకే పేజీ వస్తుంది. శీర్షికలో పేరు పక్కన ఏ861 హెచ్‌ఏ అని ఇంకో గుర్తు కనిపిస్తుంది. దాని కింద వర్గం మెయిన్ బెల్ట్ ఆస్టరాయిడ్ అనీ, ఎస్‌పీకే ఐడీ (జేపీఎల్ ప్రోగ్రాములు వాడే గుర్తింపు సంఖ్య) 20000067 అనీ ఉంటాయి. ఈ ఐడీ దగ్గరే మొదటి చిక్కు. పాత పుస్తకాల్లో, పాత ప్రోగ్రాముల్లో ఇది ఏడంకెలుగా, 2000067 అని ఉంటుంది. నంబర్లు లక్షల్లోకి పోవడంతో ఎనిమిదంకెలకి మార్చారు. పాత స్క్రిప్ట్ ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే ముందు చూడాల్సింది ఇక్కడే.

కిందికి జరిగితే ‘డిస్కవరీ’ విభాగం వస్తుంది. 1861 ఏప్రిల్ 17, ఎన్.ఆర్. పాగ్సన్, మద్రాస్. ఒక్క లైనే, కానీ అందులో చాలా ఉంది. నార్మన్ పాగ్సన్ నుంగంబాక్కంలోని మద్రాస్ అబ్జర్వేటరీలో ప్రభుత్వ ఖగోళజ్ఞుడు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొట్టమొదటి గ్రహశకలం ఇదే, అందుకే ఆ పేరు. గ్రీకు పురాణాల్లో ఆసియా అనే జలదేవత ఉండటంతో అప్పటి ఆనవాయితీ కూడా చెల్లిపోయింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాస్ ప్రెసిడెన్సీలోవే. ఆ అబ్జర్వేటరీలో 1792 నాటి రాతి స్తంభం ఇప్పటికీ నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీది శాసనాన్ని తెలుగులో కూడా చెక్కించారు. ఇవేవీ డేటాబేస్ చెప్పదు. దాని పని తేదీ, మనిషి, చోటు వరకే.

ఏ861 హెచ్‌ఏ అన్న గుర్తు 1861లో లేదు, తర్వాత వెనక్కి వెళ్లి తగిలించింది. 1925కి ముందువాటికి సంవత్సరంలోని మొదటి 1 తీసేసి ‘ఏ’ పెడతారు. ఆపైన వచ్చే అక్షరం పక్షాన్ని చెబుతుంది. జనవరి మొదటి సగం ఏ, రెండో సగం బీ, అలా నెలకి రెండేసి. ఒకటిలా కనిపిస్తుందని ‘ఐ’ అక్షరాన్ని వదిలేస్తారు. ఏప్రిల్ రెండో సగానికి ‘హెచ్’ వస్తుంది. దాని తర్వాత ఉన్న ఏ ఆ పక్షంలో మొదటిదని అర్థం. ఇదే లెక్కని 4130 రామానుజన్ మీద వేసి చూడండి. దాని తాత్కాలిక గుర్తు 1988 డీక్యూ1. ‘డీ’ అంటే ఫిబ్రవరి రెండో సగం. ఐని వదిలి లెక్కపెడితే క్యూ 16వ అక్షరం, చివరి 1 అంటే పాతికేసి అక్షరాల చుట్టు ఒకసారి పూర్తయిందని. 25కి 16 కలిపితే 41. ఆ పక్షంలో నమోదైన 41వ వస్తువన్నమాట. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ నుంచి రాజమోహన్ 1988 ఫిబ్రవరి 17న పట్టుకున్నారు. డేటాబేస్ తెరిస్తే తేదీ సరిపోతుంది.

పేర్ల విషయానికొస్తే డేటాబేస్‌ని నమ్మొచ్చు గానీ అదొక్కటే చాలదు. పేరు వెనుక కారణాన్ని కొన్నిటికే ఇస్తుంది. అసలు పేరు పెట్టేది జేపీఎల్ కాదు, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యలోని నామకరణ బృందం. 2021 నుంచి వాళ్లు సొంతంగా బులెటిన్ వేస్తున్నారు, కొత్త పేర్లు ముందు అందులోనే వస్తాయి. వరుస ఇది: రెండు రాత్రుల పరిశీలనలుంటే తాత్కాలిక గుర్తు, అనేక ఆపోజిషన్లలో (మనకి రాయి సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున కనిపించే రోజులు) చూసి కక్ష్య గట్టిపడ్డాక నంబరు, నంబరు వచ్చాకే పేరు. ప్రధాన పట్టీ రాయికి సాధారణంగా నాలుగు ఆపోజిషన్లయినా కావాలి కాబట్టి కనుగొన్న వారం పేరు పెట్టడమనేది ఉండదు. పేరు సూచించే హక్కు కనుగొన్నవాళ్లకి పదేళ్లుంటుంది. పేరు ఇంగ్లిష్ లిపిలో, మధ్య ఖాళీలతో కలిపి 16 అక్షరాలు దాటకూడదు. వ్యాపార పేర్లు కుదరవు. రాజకీయ నాయకులు, సైనిక నాయకులైతే చనిపోయి వందేళ్లు గడవాలి. పెంపుడు జంతువుల పేర్లు వద్దంటారు. 16 అక్షరాల నిబంధన మనవాళ్లకి ఇబ్బందే. ఇంటిపేరుతో సహా తెలుగు పేరు చాలాసార్లు పట్టదు. శ్రీనివాస రామానుజన్ అని రాసినా ఇంగ్లిష్‌లో ఖాళీతో కలిపి 19 అవుతుంది. 2596 వైను బప్పుకి 11తో సరిపోయింది. అది చిలీలోని లా సిల్లా నుంచి కనుగొన్నది. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్న ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు దానికి పెట్టారు.

కాబట్టి డబ్బు తీసుకుని ‘గ్రహశకలానికి మీ పాప పేరు పెడతాం’ అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఎదురైతే నంబరు అడగండి. నంబరు డేటాబేస్‌లో కొట్టండి. అక్కడ ఆ పేరు లేకపోతే మీరు కొన్నది కాగితమే. ఇలాంటి పేర్లు అమ్మకానికి ఉండవు.

ఇదే చిట్కా పేపర్లో వచ్చే ‘మన విద్యార్థులు గ్రహశకలం కనిపెట్టారు’ వార్తలకీ పనికొస్తుంది. పిల్లల శ్రమని తక్కువ చేయడానికి కాదు, ఏ మెట్టు దాకా వచ్చారో తెలుసుకోవడానికి. పై పద్ధతిలో తాత్కాలిక గుర్తు వచ్చిందా? వచ్చి ఉంటే పేజీలో ‘డేటా ఆర్క్’ (మొదటి పరిశీలన నుంచి చివరిదాని దాకా గడిచిన కాలం) ఎన్ని రోజులుందో చూడండి. నాలుగైదు రోజులే ఉంటే ఇంకా చాలా పని మిగిలింది. గుర్తే లేకపోతే అది ప్రాథమిక నమోదు మాత్రమే.

ఇక పేజీకి గుండెకాయ కక్ష్య పట్టిక. 67 ఆసియాకి ముఖ్యమైనవి గుండ్రంగా చెప్పుకుంటే, సగటు దూరం 2.42 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ ఉన్న సగటు దూరం, దాదాపు 15 కోట్ల కి.మీ.), ఉత్కేంద్రత (వృత్తం నుంచి దారి ఎంత సాగిందో చెప్పే అంకె) 0.185, భూకక్ష్య తలానికి వంపు 6 డిగ్రీలు, చుట్టుకి 3.77 ఏళ్లు. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది 1.97 ఏయూ, అతి దూరం పోయేది 2.87. ఈ రెంటికీ పట్టికలో వాడింది ఒకటే ఇంగ్లిష్ అక్షరం, క్యూ. చిన్న క్యూ దగ్గరిది, పెద్ద క్యూ దూరానిది. రెండూ పక్కపక్కన కూడా ఉండవు. హడావిడిగా కాపీ చేసేవాళ్లు ఇక్కడే తారుమారు చేస్తారు. మంచి సంగతేంటంటే ఈ పట్టికని క్యాలిక్యులేటర్‌తో తనిఖీ చేసుకోవచ్చు. 2.42ని దాని వర్గమూలం 1.556తో గుణిస్తే 3.77 వస్తుంది, కెప్లర్ మూడో నియమం అదే. 2.42ని 0.815తో గుణిస్తే 1.97, 1.185తో గుణిస్తే 2.87. ఈ మూడూ కలవకపోతే పట్టిక తప్పు కాదు, మీరు లైను తప్పి చదివారు.

అసలు విలువలు పట్టికలో దశాంశం తర్వాత పది పన్నెండు అంకెలతో ఉంటాయి. అందులో ఎన్ని నమ్మాలో పక్కనున్న అనిశ్చితి గడి చెబుతుంది. చాలామంది ఆ గడి చూడకుండా మొత్తం అంకెలు ఎత్తిరాస్తారు. అంతకన్నా ముఖ్యమైనది పట్టిక నెత్తిన ఉండే ‘ఎపాక్’. ఈ విలువలు ఆ ఒక్క తేదీకి చెందినవి. గురుడి లాగుడు వల్ల కక్ష్య ఎప్పుడూ కొద్దికొద్దిగా మారుతుంటుంది. అందుకే జేపీఎల్ ప్రామాణిక తేదీని 200 రోజులకోసారి ముందుకి జరుపుతుంది. నిరుడు తీసుకున్న స్క్రీన్‌షాట్ ఇవాళ్టి పేజీతో నాలుగో అంకె దగ్గర తేడా కొట్టడం మామూలే, వికీపీడియాతో తేడా వచ్చేదీ ఇందుకే. ఏది కరెక్ట్ అని వాదించుకోవద్దు, తేదీలు పోల్చుకోండి. ఇంకో మెలిక, ఎపాక్‌లోని సమయం మన గడియారపు యూటీసీ కాదు, టీడీబీ అనే కొలమానం. ఇప్పుడు రెంటికీ తేడా సుమారు 69 సెకన్లు. టెలిస్కోప్‌లో చూసేవాళ్లకి లెక్కలోకి రాదు, నక్షత్రాన్ని గ్రహశకలం కమ్మేసే క్షణాన్ని కొలిచేవాళ్లకి మాత్రం కొంప ముంచుతుంది.

కుడివైపు ఉండే ‘కండిషన్ కోడ్’ ఈ సర్వీసులో నాకు అన్నిటికన్నా నచ్చిన అంకె. 0 నుంచి 9 దాకా ఉంటుంది. 0 అంటే కక్ష్య గట్టిది, పదేళ్లు పోయినా ఆకాశంలో దాని స్థానం ఒక ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు) కూడా తప్పదు. 9 అంటే ఎక్కడుందో చెప్పడం కష్టం. ఆసియాకి 0. ‘భూమిని ఢీకొంటుందా’ అనే వార్త చదివినప్పుడు ముందు చూడాల్సింది ఇదీ, డేటా ఆర్క్ పొడవూ. కోడ్ 7, 8 ఉండి ఆర్క్ మూడు రోజులుంటే ఆ వార్తని అంతవరకే నమ్మండి. ఆసియా విషయంలో ఆ బెంగే లేదు. అది 1.97 ఏయూ కన్నా లోపలికి రాదు, భూమి 1.02 దాటి బయటికి పోదు, కాబట్టి ఎలా చూసినా రెండు కక్ష్యల మధ్య కనీసం 0.95 ఏయూ ఖాళీ. పేజీలో ‘ఎర్త్ మాయిడ్’ అని ఉండేది ఈ రెండు కక్ష్యల మధ్య అతి తక్కువ దూరమే. దాని దగ్గర్లోనే ‘టీ జూప్’ ఉంటుంది, గురుడితో పోల్చి కక్ష్య తీరుని చెప్పే అంకె, ఆసియాకి సుమారు 3.48. మూడు దాటితే మామూలుగా గ్రహశకలం తీరు, మూడుకి తక్కువైతే తోకచుక్క నడక అని మోటుగా గుర్తుపెట్టుకోవచ్చు.

భౌతిక వివరాల పట్టిక చిన్నదే, అయినా దీన్ని తప్పుగా వాడేవాళ్లే ఎక్కువ. హెచ్ అనేది సొంత ప్రకాశం, ఆసియాకి 8.3 దరిదాపు. సూర్యుడికీ మనకీ ఒక్కో ఏయూ దూరంలో పెట్టి, పూర్తిగా వెలిగినట్టు ఊహిస్తే కనిపించే మాగ్నిట్యూడ్ (వెలుగు మెట్టు) అది. మాగ్నిట్యూడ్ 5 తగ్గితే వెలుగు 100 రెట్లు, ఒకటి తగ్గితే 2.512 రెట్లు అని 1856లో ఆ మెట్లని స్థిరం చేసింది ఎవరో కాదు, ఈ పాగ్సనే. తను కనిపెట్టిన రాయి పేజీలో తను కట్టిన కొలబద్ద కూడా ఉందన్నమాట. హెచ్ నుంచి వ్యాసం కట్టడానికి సూత్రం ఉంది: 1329ని అల్బెడో (పడ్డ వెలుగులో ఉపరితలం తిప్పికొట్టే వంతు) వర్గమూలంతో భాగించి, దాన్ని 10కి మైనస్ హెచ్ బై 5 ఘాతంతో గుణించాలి. ఆసియా ఉపరితలం తన మీద పడే వెలుగులో పావు వంతు, అంటే 0.25కి కాస్త ఎక్కువ తిప్పికొడుతుంది. ఆ లెక్కన 58 కి.మీ. వస్తుంది, హైదరాబాద్ నుంచి యాదగిరిగుట్ట దూరమంత. అల్బెడో తెలియక బొగ్గులాంటి నల్లటి రాయి అనుకుని 0.05 వేస్తే అదే సూత్రం 130 కి.మీ. ఇస్తుంది. రెట్టింపుకి పైన తేడా! అందుకే పేజీలో వ్యాసం గడి ఖాళీగా ఉన్న రాళ్లకి వార్తల్లో ‘ఇంత నుంచి అంత’ అని వెడల్పాటి లెక్క చెబుతారు. వ్యాసం గడి నిండి ఉంటే పక్కనే ఏ సర్వే కొలిచిందో ఉంటుంది, అది కూడా చూడండి. ఇన్‌ఫ్రారెడ్ ఉపగ్రహాలు రెండు వేర్వేరు కాలాల్లో కొలిస్తే నాలుగైదు కి.మీ. తేడా రావడం సహజం. తన చుట్టూ తాను తిరగడానికి ఆసియాకి పట్టేది 15.85 గంటలు, రకం ‘ఎస్’, సిలికేట్ రాయి.

ఆర్బిట్ వ్యూయర్ బటన్ నొక్కితే కక్ష్య బొమ్మ తిరుగుతుంది. పిల్లలకి చూపించడానికి బాగుంటుంది, అంతే. అందులోంచి స్థానం కొలవబోకండి, అది సులువు చేసిన లెక్క. దానికన్నా అదే సైట్‌లో ఉన్న ప్రధాన పట్టీ పంపిణీ గ్రాఫ్ తెరిస్తే ఎక్కువ తెలుస్తుంది. 2.5 ఏయూ దగ్గర నిట్టనిలువు గాడి కనిపిస్తుంది. గురుడు ఒక చుట్టు తిరిగేలోపు సరిగ్గా మూడు చుట్లు తిరిగే దారి అది. అక్కడ రాయి నిలవదు, గురుడి లాగుడు పదేపదే ఒకే తీరులో పడి ఉత్కేంద్రత పెరిగిపోతుంది. మన ఆసియా 2.42తో ఆ గాడికి లోపలి గట్టున ఉంది.

గుంపుగా లాగాలనుకునేవాళ్లకి ‘క్వెరీ’ పనిముట్టు ఉంది. ఇక్కడ ఒక గుంత ఉంది, జాగ్రత్త. పాగ్సన్ మద్రాస్ నుంచి కనుగొన్నవి ఐదు: 67 ఆసియా, 80 సాఫో, 87 సిల్వియా, 107 కమిల్లా, 245 వేరా. కక్ష్య వర్గం మెయిన్ బెల్ట్ అని టిక్ పెట్టి వెతికితే సిల్వియా, కమిల్లా రావు. ఎందుకంటే ఈ డేటాబేస్‌లో మెయిన్ బెల్ట్ అంటే సగటు దూరం 2.0 నుంచి 3.2 ఏయూ. ఆ రెండూ 3.48, 3.49 దగ్గరున్నాయి కాబట్టి ‘ఔటర్ మెయిన్ బెల్ట్’ గంపలో పడతాయి. ప్రధాన పట్టీ మొత్తం కావాలంటే లోపలి, మధ్య, బయటి మూడు గడులూ టిక్ పెట్టాలి. సిల్వియాకి రెండు చందమామలున్నాయి, మూడు ముక్కల గ్రహశకలంగా మొదట తేలింది అదే. ఉపగ్రహాలున్నవాటిని వడగట్టే సదుపాయం క్వెరీలో ఉంది. కనుగొన్న మనిషి పేరుతోనో, ఊరితోనో వడగట్టే సదుపాయం మాత్రం లేదు. పాగ్సన్‌వన్నీ ఒక్క దెబ్బకి రావు, ఒక్కో పేజీ తెరుచుకోవాల్సిందే. ఇది నిజంగా లోటు.

ప్రోగ్రామ్ రాసేవాళ్లకి ఏపీఐ కూడా ఉచితం. కక్ష్య విలువలు సంఖ్యల్లా కాక కొటేషన్లలో అక్షరాల్లా వస్తాయి, వాటిని సంఖ్యలుగా మార్చకుండా గుణిస్తే ప్రోగ్రామ్ పడిపోతుంది. ఒకేసారి పది అభ్యర్థనలు పంపొద్దు, ఒకదాని తర్వాత ఒకటి పంపండి. ముడి పరిశీలనలు, అంటే ఏ రాత్రి ఏ అబ్జర్వేటరీ ఏ స్థానం కొలిచిందో కావాలంటే ఇక్కడ దొరకవు. దానికి మైనర్ ప్లానెట్ సెంటర్‌కి వెళ్లాలి. అక్కడ ఒక్కో పరిశీలనా 80 గడుల లైను, చివరి మూడు గడులు అబ్జర్వేటరీ కోడ్.

ఆ కోడ్‌లే ఇప్పుడు పనికొస్తాయి. డేటాబేస్ పేజీ నుంచి ‘ఎఫెమెరిస్’ లంకె నొక్కితే హొరైజన్స్ తెరుచుకుంటుంది. ఫలానా రాత్రి ఫలానా చోటి నుంచి రాయి ఎక్కడ కనిపిస్తుందో చెప్పేది ఇదే. నింపాల్సినవి ఐదు: పట్టిక రకం, లక్ష్యం, చూసే చోటు, సమయం, పట్టికలో కావాల్సిన గడులు. రకం ‘అబ్జర్వర్ టేబుల్’ ఉంచండి. డేటాబేస్ నుంచి వస్తే లక్ష్యం తనే పడుతుంది. విడిగా స్క్రిప్ట్‌లోంచి అడిగేవాళ్లు మాత్రం నంబరు తర్వాత సెమికోలన్ మరవొద్దు. ఉత్తి 4 అంటే అంగారక వ్యవస్థ వస్తుంది, 4 పక్కన సెమికోలన్ పెడితేనే 4వ నంబరు గ్రహశకలం వెస్టా. పొరపాటు జరిగినా హొరైజన్స్ దోషమేమీ చూపదు, నిక్షేపంగా అంగారకుడి పట్టిక ఇచ్చేస్తుంది.

చూసే చోటు దగ్గర అలాగే వదిలేస్తే భూకేంద్రం నుంచి లెక్క వస్తుంది. హైదరాబాద్‌కి 218, జపాల్ రంగాపూర్‌కి 219, కావలూరుకి 220, పాత మద్రాస్ అబ్జర్వేటరీకి 223. విజయవాడో విశాఖో అయితే ఊరి పేరుతో వెతకొచ్చు, లేదా అక్షాంశ రేఖాంశాలు చేత్తో ఇవ్వొచ్చు, తూర్పు రేఖాంశం పాజిటివ్. సమయం దగ్గర గంటకో లైను చాలు. ఇక సెట్టింగుల్లో టైమ్ జోన్ ప్లస్ 5:30 పెట్టండి. ఇది మరిస్తే నక్షత్రాల మధ్య స్థానం పెద్దగా తప్పదు, ఐదున్నర గంటల్లో ఆసియా కదిలేది మూడు నాలుగు ఆర్క్ నిమిషాలే (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు). కానీ ఎత్తు, దిక్కు గడులు మాత్రం మీ గడియారంతో అస్సలు కలవవు. నడినెత్తిన ఉందనుకున్న రాయి ఇంకా తూర్పు దిగంతం దగ్గరే ఉంటుంది.

గడుల్లో నాలుగు చాలు: 1 (స్థానం), 4 (దిక్కు, ఎత్తు), 9 (మాగ్నిట్యూడ్), 23 (సూర్యుడి నుంచి కోణం). అన్నీ టిక్ పెడితే వచ్చే పట్టిక ఫోన్‌లో చదవడం ఎవరి తరమూ కాదు. 1వ గడి జే2000 అట్లాసులకి (2000 సంవత్సరపు అక్షం ప్రకారం గీసిన నక్షత్ర పటాలు) సరిపోయే స్థానం. 2వ గడి ఈ రోజు అక్షం ప్రకారం చూపే స్థానం. జే2000 అట్లాసు పట్టుకుని 2వ గడి అంకెలు వాడితే 20 ఆర్క్ నిమిషాలకి పైగా పక్కకి పోతారు. ఆపోజిషన్ రోజుల్లో ఆసియా రోజంతా నడిచేది 15 ఆర్క్ నిమిషాలే, అంటే అర చందమామ. గడి మారితే ఒక రోజు నడకకన్నా ఎక్కువే తప్పుతుందన్నమాట. 23వ గడిలో కోణం 180కి దగ్గరైతే ఆపోజిషన్. పక్కన ‘టీ’ ఉంటే సాయంత్రం ఆకాశంలో, ‘ఎల్’ ఉంటే తెల్లవారుజామున. సమయం పక్కన వచ్చే గుర్తులు వివరణలో ఎక్కడో కింద దాక్కుంటాయి కాబట్టి ఇక్కడే చెప్పుకుందాం: నక్షత్రం గుర్తు పగలు, ‘సీ’, ‘ఎన్’, ‘ఏ’ సంధ్య మూడు దశలు, ఖాళీ ఉంటే పూర్తి చీకటి, చిన్న ‘ఎమ్’ ఉంటే చంద్రుడు పైన ఉన్నాడు. మీకు కావాల్సింది రెండు గుర్తులూ లేని లైను.

ఆసియా ఆపోజిషన్ సుమారు 16 నెలలకోసారి వస్తుంది, కానీ అన్నీ ఒకలా ఉండవు. సూర్యుడికి దగ్గరి కొసలో పడితే మాగ్నిట్యూడ్ 9.7 దాకా వెలుగుతుంది, దూరపు కొసలో పడితే 12 దగ్గరే ఆగిపోతుంది. వెలుగులో తేడా ఏడెనిమిది రెట్లు. మొదటిదైతే ఊరి బయట 80 మి.మీ. టెలిస్కోప్‌కి దొరుకుతుంది. రెండోదానికి ఆరంగుళాలది, చీకటి ఆకాశం రెండూ కావాలి, నగర దీపాల కింద ప్రయత్నించొద్దు. అందుకే ముందు ఐదేళ్లకి నెలకో లైను చొప్పున పట్టిక తీసి, 9వ గడిలో అతి చిన్న అంకె ఎప్పుడుందో చూసి ఆ సీజన్ ఎంచుకోండి. ఆకాశాన్ని చూపే స్టెలేరియం ప్రోగ్రామ్‌లో చూడాలంటే సోలార్ సిస్టమ్ ఎడిటర్ ప్లగిన్‌తో తాజా కక్ష్య విలువలు తెచ్చుకోండి. రెండు మూడేళ్ల పాత విలువలైతే ఎపాక్ ముచ్చటే మళ్లీ, చుక్క మెల్లగా పక్కకి జరిగిపోతుంది.

టెలిస్కోప్‌లో అది పళ్లెంలా కనిపించదు, మామూలు నక్షత్రంలాంటి చుక్క. హొరైజన్స్ చెప్పిన చోటుకి తిప్పి, కంటికి కనిపించిన చుక్కలన్నీ కాగితం మీద పెట్టండి. గంటకి 37 ఆర్క్ సెకన్లే కదులుతుంది కాబట్టి పది నిమిషాలు చూసి తేల్చేయలేరు. మర్నాడు అదే సమయానికి మళ్లీ గీసి, రెండు కాగితాలూ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. పడమటికి అర చందమామంత జరిగిన చుక్క ఒక్కటే ఉంటుంది.